‘మె గుస్త’ అంటే ‘ఐ లైక్’ కాదు: స్పానిష్‌లో ఇష్టాన్ని చెప్పే క్రియల సంగతి

డాలస్ దగ్గర ఉండే మా చెల్లెలి కూతురు స్కూల్లో స్పానిష్ తీసుకుంది. ఓ ఆదివారం వీడియో కాల్‌లో హోంవర్క్ కాగితం కెమెరా ముందు పెట్టి, “పెద్దమ్మా, దీనికి టీచర్ ఎర్రగీత ఎందుకు గీశారో చెప్పవా” అంది. తను రాసిన వాక్యం ‘యో గుస్తొ లోస్ లిబ్రోస్’. యో అంటే నేను, లోస్ లిబ్రోస్ అంటే పుస్తకాలు. ‘ఐ లైక్ బుక్స్’లో ఒక్కో మాటా తీసి స్పానిష్ మాట పెట్టింది. టీచర్ దిద్దిన వాక్యం ‘మె గుస్తన్ లోస్ లిబ్రోస్’. ‘నేను’ అనే మాట ఎటు పోయిందో, క్రియ చివర ఆ ‘న్’ ఎక్కణ్ణుంచి వచ్చిందో దానికి అర్థం కాలేదు.

“సరే, ఆ పుస్తకాలు నీకు నచ్చితే తెలుగులో ఏమంటావు?” అని అడిగాను. “నాకు ఆ బుక్స్ నచ్చాయి” అంది వెంటనే. “నేను ఆ బుక్స్ నచ్చాను అనవెందుకు?” అన్నాను. “అలా ఎవరంటారు పెద్దమ్మా!” అంది. టీచర్ చెప్పిందీ అదే. స్పానిష్‌లోనూ అలా ఎవరూ అనరు.

కొన్నేళ్ళుగా స్పానిష్ నేర్చుకుంటున్న నాకు ఈ ఒక్క క్రియ దగ్గర ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఎంత అవస్థ పడతారో బాగా తెలుసు. ఇంగ్లీషు పుస్తకాల్లోంచి స్పానిష్ నేర్చుకునే మనవాళ్ళు మన భాషలో లేని ఆ అవస్థను కూడా తెచ్చిపెట్టుకోవడం చూస్తే బాధగా ఉంటుంది.

గుస్తార్ అనే క్రియ అసలు ఏం చేస్తుంది

పాఠ్యపుస్తకాల పట్టికల్లో ‘గుస్తార్’ ఎదురుగా ‘టు లైక్’ అని ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలు. ఇంగ్లీషు ‘లైక్’ మనిషి చేసే పని. ఎవరు ఇష్టపడుతున్నారో వాళ్ళే కర్త. గుస్తార్ అలా కాదు, వస్తువు వైపు నుంచి నడుస్తుంది. నచ్చేది కర్త, ఎవరికి నచ్చుతుందో వాళ్ళు ‘కు’ విభక్తిలో ఉంటారు. మన ‘నచ్చు’ సరిగ్గా ఇంతే.

‘మె గుస్త ఎల్ కఫే’ అంటే నాకు కాఫీ ఇష్టం. ఎల్ కఫే ఏకవచనం, అందుకే గుస్త. ‘మె గుస్తన్ లోస్ మాంగోస్’ అంటే నాకు మామిడిపళ్ళు ఇష్టం. పళ్ళు బహువచనం, అందుకే గుస్తన్. ఇష్టపడేది నేనొక్కదాన్నే అయినా, ఊరంతా అయినా క్రియకు ఆ లెక్కతో పనిలేదు. ‘నోస్ గుస్త ఎల్ కఫే’ అంటే మాకు కాఫీ ఇష్టం. మనుషులు ఎంతమంది ఉన్నా కాఫీ ఒకటే కాబట్టి గుస్త అలాగే ఉంది.

ఇక్కడ ‘ఇష్టం’ కంటే ‘నచ్చు’తో పోల్చడం మేలు. ‘ఇష్టం’ నామవాచకం, దేనికీ మారదు: పాట ఇష్టం, పాటలు ఇష్టం. ‘నచ్చు’ మాత్రం నచ్చినదాన్ని బట్టి మారుతుంది: పాట నచ్చింది, పాటలు నచ్చాయి, అతను నచ్చాడు, మీరు నచ్చారు, నేను నచ్చాను. గుస్తార్ పద్ధతి మొత్తం ఈ వరుసలోనే ఉంది.

దీన్నిబట్టి చూస్తే ‘యో గుస్తొ’కు అర్థం లేకపోలేదు. దాని అర్థం ‘నేను నచ్చుతాను’. ‘తె గుస్తొ?’ అని ఎవరైనా అడిగితే ‘నేను నీకు నచ్చానా?’ అని అడిగినట్టు. పుస్తకాల మీద ఇష్టం చెప్పబోయి మా పిల్ల వాక్యాన్ని ఆ దారి పట్టించింది.

గుస్తార్ లాటిన్‌లో ‘రుచి చూడటం’ అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. స్పానిష్‌లో ‘గుస్తొ’ నామవాచకంగా వస్తే రుచి అని, అభిరుచి అని రెండర్థాలు. మనకూ నాలుక మీది రుచే మనసుకు వచ్చేసరికి అభిరుచి అయింది. సంస్కృతంలో రుచించడం గురించి పాణిని ఒక సూత్రమే చేశాడు: ‘రుచ్యర్థానాం ప్రీయమాణః’. నచ్చడం అనే అర్థమున్న ధాతువులతో, ఎవరికి ప్రీతి కలుగుతుందో వారు సంప్రదానం అవుతారని, అంటే చతుర్థి విభక్తిలో వస్తారని దాని భావం. దానికి వ్యాఖ్యాతలు చెప్పే ఉదాహరణ ‘దేవదత్తాయ రోచతే మోదకః’, దేవదత్తుడికి మోదకం రుచిస్తుంది. దేవదత్తుడు చతుర్థిలో, మోదకం ప్రథమలో ఉన్నాయి. మోదకం తీసేసి కాఫీ పెడితే స్పానిష్ వాక్యం అచ్చంగా ఇదే.

ఇంగ్లీషు కూడా ఒకప్పుడు ఇదే దారిలో ఉండేది

ఇంగ్లీషు వాళ్ళ బుర్రకు ఇది పట్టదేమో అనుకోనక్కర్లేదు. ప్రాచీన ఇంగ్లీషులో ‘లైక్’కు పూర్వరూపమైన క్రియ అర్థం ‘నచ్చు’ అనే. డెన్మార్క్‌కు చెందిన భాషావేత్త ఓటో యెస్పర్సన్ ఈ మార్పును ఒక్క వాక్యంతో చూపించాడు: ‘రాజుకు బేరిపళ్ళు నచ్చాయి’. ప్రాచీన ఇంగ్లీషులో ఈ వాక్యానికి ‘రాజు’ చతుర్థిలో ఉంటుంది, క్రియ బేరిపళ్ళను బట్టి బహువచనంలో ఉంటుంది.

తర్వాత శతాబ్దాల్లో ఇంగ్లీషు విభక్తి ప్రత్యయాలు అరిగిపోయాయి. ‘రాజుకు’, ‘రాజు’ ఒకే రూపంలోకి వచ్చేశాయి. ఏకవచన, బహువచన క్రియారూపాల తేడా కూడా చాలావరకు పోయింది. వాక్యం మొదట్లో ‘రాజు’, మధ్యలో క్రియ, చివర ‘బేరిపళ్ళు’ మిగిలాయి. మొదట ఉన్నదే కర్త అనే అలవాటు అప్పటికే బలపడుతోంది. వినేవాళ్ళు ‘రాజు పళ్ళను ఇష్టపడ్డాడు’ అని అర్థం చేసుకున్నారు. మాటల వరుస మారలేదు, వాటి మధ్య సంబంధం మాత్రం తలకిందులైంది. రాజు బదులు సర్వనామం పెడితే ‘అతనికి’ రావలసిన చోట ‘అతను’ వచ్చి కూర్చున్నాడు.

పాత పద్ధతి ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. పాత నాటకాల్లో కనిపించే ‘మీథింక్స్’ అంటే ‘నాకు అనిపిస్తోంది’. మనం రోజూ అనే ‘ప్లీజ్’ కూడా ‘మీకు నచ్చితే’ అనే పూర్తి మాటకు పొట్టి రూపం.

స్పానిష్‌లో జరిగింది దీనికి నేరుగా ఎదురు. పాత స్పానిష్‌లో ‘నాకు నచ్చు’ అనే పనికి ‘ప్లాసేర్’ అనే వేరే క్రియ ఉండేది. గుస్తార్ మొదట్లో మనిషే కర్తగా ఉన్న క్రియ: రుచి చూడటం, ఆ తర్వాత ‘గుస్తార్ దె’ రూపంలో ఇష్టపడటం. క్రమంగా గుస్తార్ ప్లాసేర్ స్థానంలోకి వచ్చి దాని పద్ధతి పట్టుకుంది. అంటే ఇంగ్లీషు ‘నాకు’ నుంచి ‘నేను’కు వెళ్తే, స్పానిష్ ‘నేను’ నుంచి ‘నాకు’కు వచ్చింది. పక్కనే ఉన్న పోర్చుగీసులో అదే క్రియ ఇప్పటికీ ‘నేను’ దగ్గరే ఉంది. మెక్సికో వంటి చోట్ల అతిథిని ‘గుస్త ఉస్తెద్ ఉన్ కఫే?’ అని మర్యాదగా అడిగేటప్పుడు ‘మీరు’ కర్తగా ఉన్న ఆ పాత రూపమే వినిపిస్తుంది.

వాక్యం కట్టేటప్పుడు వచ్చే చిక్కులు

ముందు సర్వనామాలు. మె అంటే నాకు, తె అంటే నీకు. నోస్ అంటే మాకు, మనకు రెండూ. స్పానిష్‌కు ఆ తేడా లేదు. లె ఒక్కటే అతనికి, ఆమెకు, గౌరవంగా మీకు అనే మూడు పనులు చేస్తుంది. లెస్ అంటే వాళ్ళకు, మీ అందరికీ. స్పెయిన్‌లో చనువున్న బృందంతో మాట్లాడేటప్పుడు ‘మీకు’ అనడానికి ఓస్ అని ఇంకొకటి ఉంది.

లె ఎవరిని సూచిస్తోందో తెలియడానికి పేరు చెప్పాల్సి వస్తుంది. అప్పుడు ‘ఆ’ అనే మాట పేరుకు ముందు వస్తుంది. అది మన ‘కి, కు’ లాంటిదే, కాకపోతే ముందు తగులుతుంది. ‘ఆ రవి లె గుస్త ఎల్ కఫే’: రవికి కాఫీ ఇష్టం. ఇక్కడ తెలుగువాళ్ళం జాగ్రత్తపడాలి. ‘రవికి’ అన్నాక మళ్ళీ ‘అతనికి’ అనడం మనకు అలవాటు లేదు. స్పానిష్‌లో మాత్రం ‘ఆ రవి’ అన్నా లె ఉండి తీరాలి. ‘ఆ రవి గుస్త ఎల్ కఫే’ తప్పు. ఇంగ్లీషు వాళ్ళు ‘ఆ’ను మరిచిపోతే, మనం లెను మరిచిపోతాం.

మరో చిక్కు మనుషులతో. స్పానిష్‌లో ‘నేను మరియాను చూశాను’ అనాలంటే మరియా ముందు ‘ఆ’ పెట్టాలి. అది కంఠతా పట్టిన విద్యార్థి ‘నాకు మరియా నచ్చింది’ అనడానికీ ‘ఆ మరియా’ అంటాడు. కానీ ఇక్కడ మరియా కర్త. ‘మె గుస్త మరియా’ అంటే నాకు మరియా అంటే ఇష్టం. ‘లె గుస్తొ ఆ మరియా’ అంటే మరియాకు నేనంటే ఇష్టం. పెళ్ళిచూపుల్లో ‘అమ్మాయి నచ్చింది’కీ, ‘అమ్మాయికి నచ్చాడు’కీ ఉన్నంత తేడా ఇది.

జవాబు చెప్పేటప్పుడు కూడా ఇదే బయటపడుతుంది. ఎవరైనా ‘మె గుస్త ఎల్ మాంగొ’ అంటే ఇంగ్లీషు అలవాటున్నవాళ్ళు ‘యో తంబియెన్’ అనేస్తారు. యో తంబియెన్ అంటే ‘నేనూ’. “నాకు మామిడిపండంటే ఇష్టం” అని ఒకరంటే మనం “నేనూ” అంటామా? “నాకూ” అంటాం. స్పానిష్‌లోనూ ‘ఆ మీ తంబియెన్’, నాకూ. “నాకు చేదు నచ్చదు” అన్నదానికి ఒప్పుకోలు ‘ఆ మీ తంపోకొ’. తెలుగు పిల్లలు దీన్ని వ్యాకరణంగా నేర్చుకోనక్కర్లేదు, చెవికే తెలుస్తుంది.

పనులు నచ్చితే క్రియ ఏకవచనంలోనే ఉంటుంది. ‘మె గుస్త కంతార్ ఇ బైలార్’: పాడటం, ఆడటం నాకు ఇష్టం. పనులు రెండైనా గుస్తన్ అనకూడదు. ఇంకొకటి, కాఫీ ముందు ‘ఎల్’ తప్పనిసరి. మొత్తంగా కాఫీ అనే పదార్థం గురించి చెప్పినా సరే ఉండాలి. ఇంగ్లీషు ‘ది’ లాంటి ఉపపదాలే లేని తెలుగు ఇక్కడ సాయం చేయదు, ఇంగ్లీషూ చేయదు.

కాలం దగ్గర తెలుగు కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. బట్టల కొట్లో చీర చేత్తో పట్టుకుని “ఇది నాకు నచ్చింది” అంటాం. రూపం భూతకాలం, భావం ఇప్పటిది. స్పానిష్‌లో ఆ సందర్భానికి సాధారణంగా వర్తమానమే, ‘మె గుస్త’. ‘మె గుస్తో’ అని చివర ఒత్తి పలికితే భూతకాలం. చూసి వచ్చిన సినిమాకు, తిని లేచిన భోజనానికి అది బాగా సరిపోతుంది. రాసేటప్పుడు చివరి అక్షరం మీద ఒక చిన్న గీత, పలికేటప్పుడు అక్కడ ఒత్తు, ఆ ఒక్క తేడాతో ‘నేను నచ్చుతాను’ అన్నది ‘నచ్చింది’గా మారిపోతుంది.

గుస్తార్ ఒక్కటే కాదు

ఈ పద్ధతిలో నడిచే క్రియలు స్పానిష్‌లో చాలా ఉన్నాయి. ‘మె ఎన్‌కాంత’ అంటే నాకు ఎంతో ఇష్టం. దీనికి ‘చాలా’ అనే మాట చేర్చరు, అది క్రియలోనే ఉంది. ‘మె ఇంతెరెస’ అంటే నాకు ఆసక్తి. ‘మె పారెసె’ అంటే నాకు అనిపిస్తోంది. ‘మె ఫాల్తన్ దోస్ ఎఉరోస్’ అంటే నాకు రెండు యూరోలు తక్కువయ్యాయి.

‘మె దుఎలె లా కబేస’ అంటే నాకు తలనొప్పిగా ఉంది. కాళ్ళయితే ‘మె దుఎలెన్’. కాళ్ళు నొస్తున్నాయి అన్నట్టే క్రియ కాళ్ళను బట్టి మారింది. ఇంకో సంగతి గమనించండి. ఇంగ్లీషులో ‘మై హెడ్’ అనాలి. స్పానిష్‌లో ‘నా తల’ అనరు, ఉత్త ‘తల’ చాలు. నొప్పి ఎవరికో ‘మె’ అప్పటికే చెప్పేసింది. మనం కూడా ‘నాకు తల నొప్పిగా ఉంది’ అన్నాక ‘నా’ జోడించం.

వీటన్నిటిలో నాకు బాగా దగ్గరగా అనిపించేది ‘కాయేర్’. ఆ క్రియకు మామూలు అర్థం ‘పడు’. ‘మె గుస్తస్’ అని ఒక మనిషితో అంటే అందులో ప్రేమ, ఆకర్షణ వినిపిస్తాయి. ‘నువ్వు నాకు నచ్చావు’ అని ఎదురుగా నిలబడి చెప్పినప్పుడు మనకు వినిపించేదీ అదే. మరి పక్కింటావిడ మంచిదనో, ఆఫీసులో కొత్తగా చేరినవాడు బాగున్నాడనో చెప్పాలంటే? అప్పుడు ‘మె కాఎ బియెన్’ అంటారు, అక్షరాలా ‘నాకు బాగా పడతాడు’. గిట్టకపోతే ‘మె కాఎ మాల్’. మనకు ‘బాగా పడతాడు’ లేదు కానీ, “వాడికీ నాకూ పడదు” ఉంది. తిండికి సంబంధించి కూడా ఇదే కాయేర్ వస్తుంది. తిన్నది ఒంటికి సరిపడకపోతే ‘మె కాయో మాల్’ అంటారు. “నాకు వంకాయ పడదు” అని మన ఇళ్ళలో ఎన్నిసార్లు విని ఉంటాం! రెండు భాషలకు చుట్టరికం లేదు. అయినా మనిషితో పొసగకపోవడాన్నీ, తిండి సరిపడకపోవడాన్నీ రెండూ ‘పడటం’తోనే చెప్పుకున్నాయి.

ఇంతకీ కర్త ఎవరు? రెండు వాదనలు

ఇప్పటిదాకా ‘నచ్చేదే కర్త’ అన్నాను. సంప్రదాయ వ్యాకరణం చెప్పేది అదే. దానికి రెండు గట్టి ఆధారాలున్నాయి. క్రియ నచ్చినదాన్ని బట్టి మారుతుంది. పైగా ‘లె దోయ్ ఉన్ లిబ్రొ’, అంటే ‘అతనికి పుస్తకం ఇస్తాను’ అనే వాక్యంలో ఉన్న లె, ‘లె గుస్త’లో ఉన్న లె ఒకటే. పుచ్చుకునేవాడు కర్త కానట్టే, ఎవరికి నచ్చుతుందో వాడూ కర్త కాడు.

రెండో వాదన ప్రకారం రూపం అలా ఉన్నా వాక్యంలో పెద్దరికం ‘నాకు’దే. ‘ఆ అన లె గుస్త కంతార్’ అంటే అన అనే అమ్మాయికి పాడటం ఇష్టం. పాడేది ఎవరు? అన. వాక్యంలో ప్రథమలో ఆమె లేకపోయినా లోపలి పనికి కర్తగా ఆమెనే అర్థం చేసుకుంటున్నాం. మాటల వరుస చూసినా, ప్రత్యేకించి నొక్కి చెప్పనప్పుడు ముందు వచ్చేది మనిషే, నచ్చే వస్తువు క్రియ తర్వాతే వస్తుంది.

ఈ వాదనకు ద్రావిడ భాషలు, ముఖ్యంగా మన వాక్యాలు మంచి సాక్ష్యం. “ఆ మాట విని రవికి కోపం వచ్చింది.” వచ్చింది అనే క్రియ కోపాన్ని బట్టి ఉంది. కానీ విన్నది కోపం కాదు, రవి. ‘విని’ లాంటి అసమాపక క్రియకు మామూలుగా ప్రధాన క్రియ కర్తే కర్త. ఆ లెక్కన ‘రవికి’ కర్తలాగే నడుచుకుంటోంది. “రవికి తన ఊరు నచ్చింది” అన్నప్పుడు కూడా ‘తన’ రవినే పట్టుకుంటుంది. అందుకే భాషాశాస్త్రంలో ఇలాంటివాటిని చతుర్థీ కర్తలు అనే పేరుతో చర్చిస్తారు.

కర్త అనే ఒక్క పేరు కింద మనం రెండు పనులు కలిపేశామని నాకనిపిస్తుంది. క్రియ రూపాన్ని నిర్ణయించడం ఒక పని, వాక్యం ఎవరి గురించో చెప్పడం ఇంకో పని. ‘ఐ లైక్’లో రెండూ ఒక్కరి చేతిలోనే ఉంటాయి. గుస్తార్‌లో, నచ్చులో చెరొకరి చేతిలో ఉంటాయి. పరీక్షలో రాసేటప్పుడు మాత్రం సంప్రదాయ వ్యాకరణం పేర్లే వాడాలి.

ఈ తగువు క్లాసురూముకు కూడా పాకింది. ఇంగ్లీషు పిల్లలకు ‘కాఫీ ఈజ్ ప్లీజింగ్ టు మీ’ అని అనువదించి చెప్పే టీచర్లున్నారు. దానివల్ల గుస్త, గుస్తన్ తేడా చప్పున తెలుస్తుంది. వద్దనేవాళ్ళ మాటలోనూ బలముంది: ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మామూలుగా ఎవరూ మాట్లాడరు, పైగా కాఫీని ముందుకు తెచ్చి వాక్యం కాఫీ గురించి అన్నట్టు చేస్తుంది. వాళ్ళు ‘మె గుస్త’ను విడదీయకుండా ఒకే ముద్దగా నేర్పుతారు. ఆ ముద్దను నోట్లో పెట్టుకున్న పిల్లలు కొన్నాళ్ళకు ‘మె గుస్త లోస్ లిబ్రోస్’ అంటారు. తెలుగు వచ్చిన పిల్లలకు ఈ రెండు దారులూ అక్కర్లేదు. ‘నాకు... నచ్చాయి’ అనేది మామూలు మాట, వరుస కూడా స్పానిష్ లాగే మనిషితో మొదలవుతుంది.

తెలుగు ‘నాకు’ ఎక్కడ ఆగిపోవాలి

అలాగని ప్రతి ‘నాకు’నూ ‘మె’ చేసేస్తే కొత్త తప్పులొస్తాయి. తెలుగులో ‘నాకు’ పరిధి చాలా పెద్దది. ఆకలి, దాహం, వయసు, తెలియడం, కావాలనుకోవడం, భాష రావడం, అన్నీ నాకే జరుగుతాయి. స్పానిష్‌లో వీటిలో చాలావాటికి మళ్ళీ ‘నేను’ వస్తుంది.

‘నాకు ఆకలేస్తోంది’కి ‘తెంగొ ఆంబ్రె’ అంటారు, ఆకలి నా దగ్గర ఉంది అన్నట్టు. ‘నాకు పదిహేనేళ్ళు’ అనడానికీ అదే తెంగొ. ‘నాకు తెలుసు’ అంటే ‘లొ సే’, ‘నాకు కావాలి’ అంటే ‘కియెరొ’, ‘నాకు తెలుగు వచ్చు’ అంటే ‘ఆబ్లొ తెలుగు’. వీటన్నిటిలో క్రియ ‘నేను’ను బట్టే ఉంది. మా పిల్ల గుస్తార్ అర్థమైన సంతోషంలో తర్వాతి వారం తన వయసును ‘మె’తో మొదలుపెట్టి మళ్ళీ ఎర్రగీత తెచ్చుకుంది. ఈసారి తప్పు ఇంగ్లీషుది కాదు, తెలుగుది, అంటే నాది.

భయం, సిగ్గు లాంటివి మధ్యలో ఉంటాయి. ‘తెంగొ మియెదొ’ అంటే నేను భయంతో ఉన్నాను. ‘మె దాన్ మియెదొ లోస్ పెరొస్’ అంటే నాకు కుక్కలంటే భయం, అక్షరాలా ‘కుక్కలు నాకు భయాన్ని ఇస్తాయి’. కుక్కలు బహువచనం కాబట్టి దాన్. ఒక్క కుక్కే అయితే ‘మె దా మియెదొ ఎల్ పెరొ’. ఏ భావం ‘నేను’ వైపు, ఏది ‘నాకు’ వైపు ఉంటుందో ముందే చెప్పే సూత్రం లేదు, క్రియ క్రియకూ విడిగా నేర్చుకోవాల్సిందే. వచ్చే ఆదివారం వీడియో కాల్‌కు మా పిల్లకు ఇచ్చిన పని ఇదే: తను ఒక్కరోజులో తెలుగులో ఎన్నిసార్లు ‘నాకు’ అంటుందో రాసుకోవాలి, ఒక్కోదాని పక్కన మెనో యోనో పెట్టాలి.